నేలకింది ఊరిలో పోయిన పలక

పురావస్తు పరిశోధకురాలు సుజాత అనంతపురంలోని ఆ చిన్న ఆఫీసుకు వచ్చి కూర్చుంది. జాయ్ అందించిన మంచినీళ్ల గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేసింది.

“మట్టి పలక పోయిందమ్మా. అది లేకుంటే నా మాట ఎవరూ నమ్మరు.”

ఎదురుగా కూర్చున్న కదిరమ్మ ముప్పై ఏళ్లు పోలీసు కొలువు చేసి, రిటైరయ్యాక డిటెక్టివ్ బోర్డు పెట్టిన మనిషి. ఆమె చూపు మీద అసిస్టెంటు జాయ్‌కి మహా గురి.

గుమ్మఘట్ట దగ్గర ఎండిన బావి అడుగున, బండ తొలిచి చేసిన గదులు, సందులు, ధాన్యం పాతర్లు బయటపడ్డాయట. వేల ఏళ్ల కిందట కరువుకు తాళలేక నేలకిందికి దిగి బతికిన జనం ఊరది. వాళ్ల రాత ఉన్న పలక అదొక్కటే. మొన్న గుడారంలోని పెట్టెలోంచి మాయమైంది. వెతకడానికని తవ్వకం ఆపారు. రేపు మళ్లీ మొదలు.

“పెట్టెలో ఇంకేముండె?”

“బంగారు పూసలు. వాటిని ముట్టుకోలేదు.”

కదిరమ్మ లేచింది. “పోదాం పా, జాయ్.”

తవ్వకం దగ్గరి గుడారంలో పెట్టె మూత మీద తెల్లటి వేలిముద్ర కనిపించింది. జాయ్ గోటితో గీకి చూసింది. సున్నం. తాళంచెవి గుడారం గుంజకే వేలాడుతుందని అందరికీ తెలుసు.

“ఆకు వక్క వేస్తావా చెన్నప్పా?” కదిరమ్మ వాచ్‌మన్‌ను అడిగింది.

“పండ్లే లేవు తల్లీ, యాడ నమిలేది?”

సుజాత సహాయకుడు శశికుమార్ విసుక్కున్నాడు. “కూలోళ్లను అడగండి మేడమ్. మూడో గదిలోకి పొమ్మంటే ఒకటే నస.”

కదిరమ్మ, జాయ్ టార్చి పట్టుకొని దిగారు. మూడో గది కప్పులో వెంట్రుకంత సన్నని నెర్రె. దాని మీద వరసగా నాలుగు సున్నపు బొట్లు. మూడు నడిమికి చీలి ఉన్నాయి. కదిరమ్మ జాయ్ చెయ్యి పట్టుకుంది.

“పైకి నడువు. ఉరకొద్దు. మాట్లాడొద్దు.”

పైకొచ్చాక అందరినీ బావికి దూరంగా కూర్చోబెట్టింది.

“దుడ్ల కోసమైతే బంగారం పోయేది. పోయింది పలక. అంటే దొంగకు కావాల్సింది పని ఆగడం. పెట్టె మీదా సున్నమే, కింద నెర్రె మీదా సున్నమే. తిప్పమ్మా, ఈడ ఆకూ సున్నం వేసేది నువ్వొక్కదానివే. నీ వేలు చూపించు.”

ఆకు నములుతున్న నడివయసు కూలిమనిషి తడబడకుండా లేచింది.

“నేనే తీసినా. మా నాయన బావులు తవ్వినోడు. నెర్రె మీద సున్నం పూసి చూసేటోడు. సున్నం చీలితే బండ కదుల్తాండాదని. శశికుమారు సారుకు రెండుసార్లు చెప్పినా, నగినాడు. చెప్తే ఆగని పని, పలక పోతే ఆగె.”

మాట పూర్తి కాకముందే కాళ్ల కింద నేల అదిరింది. మూడో గది కప్పు కూలి, బావిలోంచి ఎర్రటి దుమ్ము లేచింది.

జాయ్ మనసులోనే ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. శశికుమార్ తల దించుకున్నాడు. “ఆ మాట నేనే మీ దాకా రానీలేదు మేడమ్,” అన్నాడు సుజాతతో.

రేపు పొద్దున పదకొండు మంది ఆ గదిలో ఉండాల్సింది. సుజాత లేచి వెళ్లి తిప్పమ్మ రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది.

“పలక శెనక్కాయల మూటలో పెట్టినా. పెచ్చు గూడా లేయలే,” అంది తిప్పమ్మ ఇబ్బందిపడుతూ.

“పలక సంగతి తర్వాత. మేము మళ్లీ ఎప్పుడు దిగాలో నువ్వే చెప్పు.”

“నెల దినాలు ఎవురూ దిగొద్దు. ముందు కప్పులకు ఆసరాగా గుంజలు నిలబెట్టాల.”

సుజాత కళ్లు తుడుచుకుంది. “సరే అక్కా.”