పసుపు పట్టీ పేజీ

అజ్మల్ తల కీబోర్డు మీద వాలి ఉంది. పుర్రె పగిలింది. రక్తం మీటల సందుల్లో గడ్డకట్టింది. మోదిన ఫైర్ సిలిండర్ కుర్చీ పక్కనే దొర్లి ఉంది. చేతివేళ్లు చితికాయి. పక్కనున్న ల్యాప్‌టాప్ ముక్కలైంది.

తిరుపతి కొర్లగుంటలో అజ్మల్, బాలచంద్ర కలిసి వెబ్‌సైట్లు కట్టే ఆఫీసు అది. ఎవరైనా ఉచితంగా వాడుకునే జాంగో సాఫ్ట్‌వేర్ మీద జయరావు లాడ్జికి బుకింగ్ సైట్ కట్టారు. నిన్న మధ్యాహ్నం స్నేహితులిద్దరూ అరుచుకోవడం వీధంతా విన్నది. సాయంత్రానికి శవం.

ఇంకేం, బాలచంద్ర లాకప్‌లో పడ్డాడు. ఎస్సై పంకజాక్షి వచ్చేలోపే కానిస్టేబుళ్లు అతని పెదవి చీల్చారు. ఆమెకు ఒళ్లు మండింది. కాసేపట్లో రిమాండ్. పంపితే ఆ కుర్రాడి బతుకు బుగ్గే. అజ్మల్ తల్లి సుభాన్‌బీ స్టేషన్ మెట్లు వదల్లేదు. బాలా తన చేతి అన్నం తిన్నవాడనీ, అసలువాణ్ని పట్టుకోమనీ ఒకటే మాట.

ఆఖరుగా సైట్ కట్టించుకున్నవాడని పంకజాక్షి జయరావును పిలిపించింది.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"లాడ్జిలోనే మేడం. ఫోన్లో నా సైటే సూస్తా ఉండినా. సెడిపోయి ఉండె. పైన పసుపు పట్టీ, కింద యాడ తప్పుండాదో వరసగా ఇంగ్లీషులో రాసుండె."

పంకజాక్షి తన ఫోన్లో సైట్ తెరిచింది. తెల్ల పేజీ. మార్పులు జరుగుతున్నాయి, తర్వాత రండి అని ఒక్క ముక్క. అంతే.

జయరావు ఎదుటికే బాలచంద్రను రప్పించి పసుపు పట్టీ సంగతి అడిగింది.

"డీబగ్ పేజీ మేడం. తప్పులు దిద్దుకునేదానికి మా మెషిన్లో పెట్టుకుంటాం. బయటోళ్లకు రాదు. సైటు నిన్న పొద్దున్నే మూసినాం. ఆ పేజీ అజ్మల్ ల్యాప్‌టాప్‌లో తప్ప యాడా లేదు."

జయరావు తలుపు వైపు ఉరికాడు. పంకజాక్షి లాఠీ మోకాలి చిప్ప మీద పడింది. బోర్లా పడ్డాడు. రెండో దెబ్బ పడకముందే కక్కేశాడు.

"రేటు పెంచేదానికి కాళీ రూములు నిండినట్టు సూపించే కిటుకు సైట్లో పెట్టించినా. ఆ కోడంతా లోకానికి ఉచితంగా ఇస్తానన్నాడు అజ్మల్. నా గుట్టు బయటపడదా? అందుకే వాణ్నీ, ఆ మెషిన్నీ లేకుండా చేసినా."

బాలచంద్ర జయరావు వైపు తిరిగాడు.

"ఆ కోడు మధ్యాహ్నమే నెట్‌లో పెట్టేసినాడు. నాతో చెప్పకుండా పెట్టినాడనే గొడవ పడినా."

సుభాన్‌బీ లోపలికొచ్చింది. బాలచంద్ర చీలిన పెదవి మీది రక్తాన్ని కొంగుతో తుడిచింది.

"అయితే నా బిడ్డను ఉత్తపుణ్యానికి సంపినాడా, బాలా?"

బాలచంద్ర ఆమె చేయి పట్టుకుని బావురుమన్నాడు.