భార్యకు చెప్పని ఆపరేషన్

ఆమె ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తూ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉండగా, భోజనాల బల్ల మీద భర్త ఫోన్ మోగింది. ఆయన దాన్ని మరచిపోయి తన కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళిపోయాడు. ఆగి ఆగి మోగుతూనే ఉంటే విసుగ్గా లేచి ఎత్తింది.

"హాస్పిటల్ నుంచండి. వచ్చే వారం ఇంప్లాంట్ ఆపరేషన్ గురించి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదని సార్‌కి చెప్పండి. తోడుగా వచ్చే అక్కగారు మీరేనా?"

"కాదు. నేను భార్యని."

అవతలి అమ్మాయి తడబడి, సార్‌నే ఫోన్ చేయమనండి అని పెట్టేసింది.

ఇంప్లాంట్ అంటే ఆమెకు తెలిసింది పంటికి పెట్టేదే. పన్ను కోసం ఎవరైనా పస్తుంటారా? అక్కను తోడు తీసుకెళ్తారా? ఆడపడుచుకు ఫోన్ చేసింది. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి.

"వదినా, ఆయనకేమైంది? గుండెకా?"

"నీకు చెప్పాననే అన్నాడే నాతో. ఒట్టు కూడా వేశాడు."

"ఏం చెప్పాలి?"

ఆవిడ నీళ్ళు నమలకుండా చెప్పింది. షుగర్ వల్ల కొన్నేళ్ళుగా తమ్ముడికి అంగస్తంభన జరగడం లేదు. మాత్రలు వాడాడు, ఇంజెక్షన్లు కూడా చేయించుకున్నాడు. లాభం లేకపోయింది. చివరికి లోపల పరికరం పెట్టించుకోవడానికి సిద్ధపడ్డాడు.

మధ్యాహ్నం ఆయన ఫోన్ కోసం ఇంటికి వచ్చేసరికి ఆమె మిషన్ ముందే ఉంది. ప్యాంటు ఇంకా ఒక కాలు పొడుగ్గానే ఉంది.

"ఆపరేషన్ దేనికి?" అంది.

"హెర్నియా. చిన్నదే. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

"వదినతో మాట్లాడాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మీ అక్కకు తెలుసు. డాక్టరుకు తెలుసు. ఆ ఫోన్ చేసిన పిల్లకూ తెలుసు. మీతో కాపురం చేసే నాకు మాత్రం తెలీదు," అంది ఆమె. "నా గురకకు నిద్ర పట్టడం లేదని హాల్లోకి మకాం మార్చారు చూడండి, అది దీనికేనా?"

"గురక కూడా నిజమే."

"మా అమ్మ పోయినప్పుడు ఏడుస్తుంటే దగ్గరికి కూడా రాలేదు మీరు. అప్పుడూ గురకేనా? నేను లావైపోయానని రాత్రి తిండి మానేశాను. మీ దుకాణంలో చేరిన కొత్తమ్మాయి మీద అనుమానపడి, నా కళ్ళద్దాల ఫ్రేము వదులైందన్న వంకతో వచ్చి చూసిపోయాను. పాపం, ఆ పిల్ల నాకు టీ తెప్పించింది. సిగ్గుతో చచ్చిపోయాను."

"దగ్గరికి వస్తే నువ్వు ఇంకేదో ఆశిస్తావని..."

"ఆశిస్తే?"

"నావల్ల కాదని తెలిసిపోతుంది కదా," అన్నాడాయన నేల చూస్తూ. "బాగు చేయించుకున్నాక నీ దగ్గరికి వద్దామనుకున్నాను. ఇదంతా నీ కోసమే."

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నాకేం కావాలో నన్ను ఒక్క మాట అడిగారా? నాకు ఏ పరికరమూ అక్కర్లేదు. రేపు ఆస్పత్రికి వెళ్దాం, నేనూ వస్తాను. ఆ డాక్టరుకు నేనే చెబుతాను."

మర్నాడు డాక్టరు గదిలో ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. డాక్టరు సొరుగులోంచి పరికరం నమూనా తీసి చూపించాడు. రెండు సన్నని గొట్టాలు, ఒక చిన్న పంపు, సెలైన్ నింపే సంచి. అన్నీ ఒంటి లోపలే అమరుస్తారట. వృషణాల దగ్గరుండే పంపు నొక్కితే సంచిలోని నీరు గొట్టాల్లోకి వచ్చి అవి గట్టిపడతాయట.

"మీకు అన్నీ చెప్పానన్నారే మీవారు?" అన్నాడు డాక్టరు.

"చెప్పానని చెప్పడం ఆయనకు అలవాటు. తర్వాత వద్దనిపిస్తే తీసేయొచ్చా?"

"తీయొచ్చు. కానీ మునుపటిలా ఉండదు. సహజంగా వచ్చే స్పందన ఇక ఉండదు, మాత్రలూ పనిచేయవు. బాగా ఆలోచించుకోవాలి." డాక్టరు ఆయన వైపు తిరిగాడు. "పొద్దున చేసిన రక్తపరీక్షలో మీ షుగర్ ఇంకా ఎక్కువే ఉంది. ఇలా ఉంటే ఇన్ఫెక్షన్ భయం. వాయిదా వేయక తప్పదు."

ఆయన లేచి బయటికి నడిచాడు. ఆమె వెళ్ళేసరికి వరండా చివర బెంచీ మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా ఆమె చూడలేదు.

"నువ్వు వద్దన్నావు. షుగరూ వద్దంది. సరిపోయింది," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, "నీ కోసం అన్నది అబద్ధం. నా కోసమే. దుకాణంలో కుర్రాళ్ళు ఏదో మోటు హాస్యమాడితే వాళ్ళతో పాటు నవ్వి, వెనక గదిలోకి వెళ్ళి ఊరికే లెన్సులు అరగదీస్తూ కూర్చుంటాను. నా ఒళ్ళు నాది కానట్టుంటుంది. ఎవరికి చెప్పుకోను? అక్కకు చెప్పింది కూడా నర్సు కాబట్టి. నీకు చెబితే నీ కళ్ళల్లో నేను ఇంకోలా కనపడతానని భయం," అన్నాడు.

ఆమె పక్కన కూర్చుండిపోయింది. ఆయనకు తను వద్దని ఇన్నేళ్ళూ కుమిలింది. ఆయనకు ఆయనే వద్దయిపోయాడన్న సంగతి ఒక్కనాడూ తోచలేదు.

"ఈ మాట నిన్ననే చెప్పి ఉంటే అంత మాట అనేదాన్నా?" అంది. "ముందు షుగర్ తగ్గించుకుందాం. తగ్గాక కూడా కావాలనిపిస్తే చేయించుకోండి. మీ ఒళ్ళు, మీ ఇష్టం. కానీ నాకు చెప్పకుండా ఒక్క మాత్ర మింగినా ఊరుకోను."

"నీకు అక్కర్లేదన్నావుగా."

"కోపంలో అన్నాను," అంది ఆమె. "నాకూ కావాలని ఉండేది. మీరు అటు తిరిగి పడుకున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా మానుకున్నాను. ఇప్పుడు కావాలో వద్దో నాకే తెలీదు. తెలుసుకోనివ్వండి."

అని ఏడ్చేసింది. ఎదురుగా పోతున్న నర్సు ఒకసారి చూసి తల తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆయన జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, ఆమె కళ్ళద్దాలు తన చేతుల్లోకి తీసుకుని, వెలుగుకు ఎత్తి చూస్తూ తుడిచాడు. జాగ్రత్తగా చెవుల వెనక సర్ది పెట్టాడు. ఆయన వేళ్ళు ఆమె చెంపల దగ్గరే ఆగిపోయాయి.

"ఇంకా మసగ్గానే ఉంది," అంది ఆమె.

"ఏడుపు ఆపితే కనపడుతుంది," అన్నాడాయన, తనూ ముక్కు తుడుచుకుంటూ.