రెండు కొడితే రా, ఒకటి కొడితే ఆగు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. వినడానికి పెద్ద విషయమేం కాదు, కొత్త కారుని గ్యారేజీలో పెట్టుకోవడం గురించి. నవ్వండి, పరవాలేదు. మొదట నేనూ నవ్వాను.

మా గ్యారేజీ ఇంటిని ఆనుకునే ఉంటుంది. రిమోటు నొక్కితే రేకు తలుపు మూలుగుతూ పైకి జారి, కప్పు కింద పరుచుకుంటుంది. కారుని ఎప్పుడూ వెనక్కే పెడతాను. పొద్దున్నే ముక్కు ముందుకి పెట్టి, దేవుణ్ణి తలచుకుని బయటపడటం నాకు అలవాటు.

ఆ వెనక్కి పెట్టే పనిలో సగం మా ఆవిడది. గ్యారేజీ లోపల గోడ పక్కన నిలబడి, డిక్కీ మీద ఉంగరంతో కొట్టేది. టక్ టక్, రెండు కొడితే రా. టక్, ఒకటి కొడితే ఆగు. నోరు తెరిచేది కాదు. "అరిస్తే మీరు కంగారుపడి బ్రేకు బదులు ఇంకోటి తొక్కుతారు" అనేది. నిజమే, తొక్కేవాణ్ణే. అన్నేళ్ళలో మా కారు ఒక్కసారి కూడా ఆ గోడకి తగల్లేదు.

ఆవిడ పోయాక చాన్నాళ్ళు కారు రోడ్డు మీదే ఎండకి ఎండింది, వానకి తడిసింది. చివరికి అది మొరాయిస్తే, మా అమ్మాయి పట్టుబట్టి కొత్తది కొనిపించింది. కొత్తది పాతదానికంటే జానెడు పొడుగు. గ్యారేజీ మాత్రం పెరగలేదు కదా.

తలుపు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించాం. ఆయన ముందు కారుని చూశాడు, తర్వాత గోడని, తర్వాత నన్ను.

"కొత్త బండికి మొదటి గీత రోడ్డు మీద పడదు సార్. ఇంట్లోనే పడుతుంది" అన్నాడు.

"పడకుండా ఏం చెయ్యాలో చెప్పవయ్యా."

"తలుపు పూర్తిగా పైకెళ్ళి ఆగేదాకా బండి కదపొద్దు. బండి ముక్కు బయట ఉండగా తలుపు దించొద్దు. లోపలికి రాగానే ఇంజను ఆపెయ్యండి. తలుపు మూసుకుని ఇంజను నడుస్తుంటే ఆ పొగ జోలపాడినట్టు నిద్రపుచ్చేస్తుంది. మోటారు మొండికేస్తే ఈ ఎర్ర తాడు లాగి, తలుపు చేత్తో ఎత్తుకోండి."

అమ్మాయి ఇంకో ఏర్పాటు చేసింది. కప్పు నుంచి దారం కట్టి ఒక పచ్చ రబ్బరు బంతి వేలాడదీసింది. "నాన్నా, వెనక అద్దానికి బంతి తగిలిందంటే ఆగిపోవాలి. దేవుడి మీద భారం వేసి ఇంకొంచెం పోనియ్యకు" అంది.

"దేవుడికి నా పార్కింగు చూసే తీరిక లేదులేవే" అన్నాను.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. బంతి తగిలేది, ఆగేవాణ్ణి. ఇంజను ఆపేసి ఆ చీకట్లో కాసేపు కూర్చునేవాణ్ణి. ఇంట్లోకి వెళితే మాత్రం ఏముంది? పొద్దున నేను తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది.

ఆ రోజు సాయంత్రం వాన. ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. తలుపు పూర్తిగా ఎత్తి, వెనక్కి రావడం మొదలుపెట్టాను. లోపల తడి సిమెంటు వాసన. దానితో పాటు... కొబ్బరినూనె వాసన. మా ఆవిడ తలకి రాసుకునేది.

టక్ టక్.

నా కాలు నన్నడగలేదండీ. దానంతటదే బ్రేకు మీద నుంచి మెత్తగా లేచింది. కారు వెనక్కి జరిగింది.

టక్ టక్.

కళ్ళు మసకబారాయి. ఇన్నాళ్ళకి నన్నొకరు రమ్మన్నారు. బంతి అద్దానికి తగిలింది. తెలుసు, చూశాను. ఆగాను.

టక్ టక్.

"చాలదా?" అన్నాను గుసగుసగా.

టక్ టక్.

ఇంకొంచెం పోనిచ్చాను. వెనక భాగం గోడకి ఆనుకుంది. మెత్తగా, దిండుకి తల ఆనినట్టు. అప్పుడు ఎదురుగా తలుపు మూలిగింది. కిందికి దిగుతోంది. రిమోటు నా జేబులోనే ఉంది... ముట్టుకోలేదు.

తలుపు మూసుకుంది. వాన చప్పుడు ఎక్కడికో వెళ్ళిపోయింది. ఇంజను మాత్రం సన్నగా పాడుతోంది.

టక్ టక్.

కొత్త కారులోని వెనక కెమెరా తెర చూశాను. గోడ. ఒట్టి గోడ. అక్కడ మనిషి కాదు, అరచెయ్యి పట్టేంత సందు కూడా లేదు.

భయం వెయ్యాలి కదా? వెయ్యలేదు. హాయిగా ఉంది. కనురెప్పలు బరువెక్కాయి. ఇలాగే కూర్చుంటే సరిపోతుంది, ఆవిడ పిలుస్తూ ఉంటుంది, నేను వెళ్తూ ఉంటాను...

టక్ టక్.

దైవకృపే అంటాను. సరిగ్గా అప్పుడు ఒక మాట తట్టింది. తట్టగానే పైకి అనేశాను.

"ఆవిడైతే ఒకటి కొట్టి ఆపేది. నన్ను ఏనాడూ గోడకి తగలనివ్వలేదు. నువ్వు ఆవిడ కాదు."

చప్పుడు ఆగింది.

కొబ్బరినూనె వాసన పోయింది. పొగ వాసన ముక్కుకి తగిలింది.

అప్పుడు... నా చెవి పక్కన, నా కిటికీ అద్దం మీద... చాలా నెమ్మదిగా...

టక్. టక్.

ఆ వైపు చూడలేదు. కారు అవతలి వైపు తలుపు తోసుకుని కింద పడ్డాను. దేవుడి పేరు నోట్లో ముక్కలవుతోంది. తడుముకుంటూ వెళ్ళి ఎర్ర తాడు అందుకున్నాను. లాగాను. రేకు ఎత్తి, ఆ సందులోంచి వానలోకి పాకాను.

మర్నాడు మెకానిక్ వచ్చి మోటారు విప్పి చూశాడు. "ఏ లోపమూ లేదు సార్" అన్నాడు. కారు వెనక ఒక్క గీత కూడా పడలేదు.

ఇప్పుడు కారు మళ్ళీ రోడ్డు మీదే. "మా ఇంటికి వచ్చెయ్ నాన్నా" అని అమ్మాయి రోజూ ఫోను చేస్తుంది. రేపంటాను. ఎందుకంటే, దీపాలు పెట్టే వేళకి గ్యారేజీ లోపలి నుంచి రేకు మీద టక్ టక్‌మంటుంది. నేను లేవను. కానీ ఆ రెండూ విన్నాక చెవులు రిక్కించి కూర్చుంటాను. ఆ ఒక్కటి కోసం. ఆవిడ కూడా అక్కడే ఎక్కడో ఉంటే కొడుతుంది కదా అని.

నిన్న రెండు వినిపించలేదు. చాలాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత... టక్.

ఒక్కటే.

ఆవిడే అనుకున్నాను. రిమోటు పట్టుకుని తలుపు ముందుకి వెళ్ళి నిలబడ్డాను. బొటనవేలు మీట మీద పెట్టాక గుర్తొచ్చింది... ఒకటి కొడితే ఆగమని, ఆ రోజు దానికి చెప్పింది నేనే.

ఈ వేళ కూడా పొద్దు వాలుతోంది. కాసేపు ఎవరూ మాట్లాడకండి.