నల్ల పొగ, ఎర్ర లక్క

ఆ ఉదయం ఆసిఫాబాద్ దారిలో ఆకాశం సగమే తెల్లారింది. మిగతా సగాన్ని ఓ ప్రైవేటు పవర్ ప్లాంటు చిమ్నీ మింగేసింది.

జీపు నడుపుతున్న వాహెద్‌ది గోరింట గడ్డం, ఖాకీ చొక్కా. ఎడమ చెవిలో చెవిటి మిషన్. గడ్డం నకిలీ, చెవుడు నకిలీ. మిషన్‌లో వినిపిస్తున్న చీఫ్ కొమురెల్లి గొంతొక్కటే నిజం.

"ఏజెంట్ సెవెంటీన్, ఇను. కర్బన ఉద్గారాల కొత్త చట్టం కింద దేశంల మొదటి సీల్ ఇయ్యాల పడుతది. నీ ఎనక కూసున్న జ్యోతిరాణి మేడం ఏస్తది. మనకు తుక్కు బాయిలర్లు అమ్ముకునే ఫారిన్ ముఠా అడ్డం పడుతది. షూటర్ ఉండొచ్చు. జర పైలం."

వాహెద్ ఒకసారి దగ్గాడు. విన్నానని గుర్తు.

జ్యోతిరాణికి ఇదేమీ తెలియదు. ఈ చట్టం కోసం ఆరేళ్లు చిమ్నీలెక్కి పొగను కొలిచిన ఇంజనీరు. ఒళ్లో లక్క, ఇత్తడి ముద్ర పెట్టుకుని మాటిమాటికీ తడుముకుంటోంది.

మలుపులో ఒకామె చెయ్యెత్తింది. నల్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. డ్రైవర్ కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మెట్‌పల్లిల వాన పడ్డదా భయ్యా?"

"పసుపు తడిసింది."

కోడ్ సరిపోయింది. అంబ్రీన్. ముఠాలో మనం నాటిన ఏజెంట్. పైకి ఢిల్లీ లీగల్ అడ్వైజర్. ఎక్కగానే జ్యోతిరాణికి ఒక ఆర్డర్ అందించింది.

"మీ పవర్ ఇదే మేడం. సీల్ వేసే అధికారం మీకిస్తూ రాత్రే గెజెట్‌లో వచ్చింది."

ప్లాంటు గేటు బార్లా తెరిచి ఉంది. మేనేజర్ ప్రేమ్‌సాగర్ దండతో ఎదురొచ్చాడు.

"రండి మేడం! పొగ కొలిచే మీటర్ గిక్కడనే. చూసుకోండ్రి."

వాహెద్ బొగ్గు కాలనీలో పుట్టినవాడు. తనిఖీ రోజంటే తెలుసు. ఆ రోజు గోడలకు సున్నం పడుతుంది, బాయిలర్‌లో మంచి బొగ్గు పడుతుంది, పొగ పెళ్లికొడుకులా తెల్లగా లేస్తుంది. ఇక్కడేమో ఉన్న చెత్త బొగ్గంతా ఈ రోజే తగలేస్తున్నారు.

వీళ్లకు దొరికిపోవాలని ఉంది. ఎందుకు?

జీపు చాటుకు జరిగాడు.

"బాస్, మేడం పవర్ గెజెట్‌ల అచ్చిందా?"

"యాడిది? పన్నెండింటికి అస్తది. గప్పటిదాక మేడం ఆగుతదనుకున్న."

"మరి అంబ్రీన్ మేడం చేతుల పెట్టిన ఆర్డర్?"

అవతల చీఫ్ కుర్చీ వెనక్కి పడిన చప్పుడు.

"ఆపురా! అధికారం లేకుంట సీల్ పడ్డదంటే అయిపాయె! వాళ్ల లాయర్లు కోర్టుల రెడీగున్నరు. చట్టం మొత్తం స్టేల పడ్తది!"

వాహెద్ పరుగెత్తాడు. మీటర్ పెట్టె మీద గుడ్డ చుట్టారు. లక్క కరిగింది, చుక్క జారుతోంది. జ్యోతిరాణి ముద్ర ఎత్తింది.

వాహెద్ అరచెయ్యి అడ్డం పెట్టాడు. లక్క చుర్రుమంది.

"ఏంది వాహెద్‌భాయ్! పిచ్చి లేసిందా?"

"గది దొంగ ఆర్డర్ మేడం. మీకింకా పవర్ రాలే."

"నీకు చెవుడు గదా?"

అంబ్రీన్ బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. పెదాల వైపు కాదు, వాహెద్ వైపు తిప్పింది. లిప్‌స్టిక్ పిస్టల్. చీఫ్ చెప్పిన షూటర్ మన ఏజెంటే, ముఠాకు అమ్ముడుపోయింది. ట్రిగ్గర్ నొక్కేలోగా జ్యోతిరాణి చేతిలోని ఇత్తడి ముద్ర అంబ్రీన్ మణికట్టు మీద పడింది.

"నాది ఆరేండ్ల కష్టమే తల్లీ," అంది జ్యోతిరాణి.

ప్రేమ్‌సాగర్ బాయిలర్ వైపు ఉరికాడు.

"ఎటు పోతున్నవ్ సార్?" అన్నాడు వాహెద్. "మీటర్ల ఎక్కింది దిగదు. దండ పట్టుకోని గీడనే కూసో."

ఎవరూ నిలకడగా కూర్చోలేకపోయారు. జ్యోతిరాణి అటూ ఇటూ తిరిగింది, ఫోన్ చూసింది, మళ్లీ తిరిగింది. పన్నెండు దాటాక చెవిటి మిషన్ పలికింది.

"అచ్చింది."

ఆమె గెజెట్‌ను ఫోన్‌లో రెండుసార్లు చదివింది. లక్క మళ్లీ కరిగించింది. ఈసారి ముద్ర పడింది. బాయిలర్ ఆపించింది. చిమ్నీ పొగ నెమ్మదిగా పలచబడింది.

పోలీసు వ్యాన్ దారిలో ఉంది. వాహెద్ టిఫిన్ విప్పాడు. జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం. జ్యోతిరాణి రొట్టెను మూడు తుంపులు చేసింది. జీపు కడ్డీకి బేడీతో ఉన్న అంబ్రీన్ కుడి చేతిని చూసి, వాహెద్ తాళం తీసి, బేడీని ఎడమ చేతికి మార్చాడు.

ముగ్గురూ మాట్లాడకుండా తిన్నారు. తినే చేతికి బేడీ వేసే అధికారం తనకు ఏ గెజెట్‌లోనూ రాలేదని వాహెద్‌కు తెలుసు.