ఐసుముక్కలో ఎర్ర గుండీ

"దొంగా! ఫ్రిజ్‌లోంచి కొత్త ముక్క తెచ్చి పెట్టావు కదూ!" ఎస్సై ఇల్లు అదిరేలా అరిచింది.

ఎస్సై అంటే నిజం పోలీసేం కాదు, ఆరో తరగతి పిల్ల. ప్రతిదానికీ కూపీ లాగుతుందని ఇంట్లో ఆ పేరు పెట్టారు. ఎదురుగా తమ్ముడు బొండాం గుడ్లప్పగించి నిలబడ్డాడు.

అంతా సైన్స్ టీచర్ చేసి చూడమన్న ప్రయోగం. అక్క ఐసుముక్క స్టీలు పళ్లెంలో, తమ్ముడిది ఉన్ని టోపీలో. ఎవరిది ముందు కరిగితే వాళ్లు కిటికీ పక్క మంచం వదులుకోవాలి.

"ఉన్ని వెచ్చగా ఉంటుందిరా మొద్దూ, నీది ఇట్టే కరుగుతుంది" అని అక్క ముందే నవ్వేసింది. తీరా చూస్తే తన పళ్లెంలో నీళ్లే మిగిలాయి. టోపీలో ముక్క మాత్రం అలాగే ఉంది!

"నేను మార్చలేదక్కా, ఒట్టు!"

"ఎవరి చెవిలో పువ్వులు పెడతావురా?"

బొండాం ఏడుపు లంకించుకున్నాడు. అమ్మ కుట్టుమిషను ఆపింది.

"నువ్వు చూశావా? చూడకుండా వాణ్ణి దొంగ అనకే!"

ఎస్సైకి అనుమానం తీరలేదు. అమ్మ గుండీల డబ్బాలోంచి ఒక ఎర్ర గుండీ తీసి, ఐసు ట్రేలోని ఒక గడిలో గుట్టుగా వేసింది. ముక్క మార్చాడో, గుండీ ఉండదు. దొరికిపోతాడు!

మర్నాడు ఆ ముక్కను తనే టోపీలో చుట్టి, ఇంకోటి పళ్లెంలో పెట్టి, కావాలనే బయటికి పోయింది. తిరిగొచ్చేసరికి పళ్లెంలో నీళ్లు. గబగబా టోపీ విప్పింది. ఐసు ఉంది. లోపల ఎర్ర గుండీ కూడా ఉంది.

ఎస్సై ముఖం మాడిపోయింది. ఉన్నిలో సొంత వేడి ఏమీ లేదన్నమాట! చలిలో మన ఒంటి వేడిని బయటికి పోనివ్వని టోపీ, ఇక్కడ బయటి వేడిని ఐసు దగ్గరికి రానివ్వలేదు.

బొండాం వంగి చూశాడు.

"గుండీ ఎందుకు పెట్టావక్కా? నేను మార్చేస్తాననా?" వాడి కళ్లు మళ్లీ నిండాయి. "నీతో ఇంకెప్పుడూ ఆడను, పో!"

"తప్పయిపోయిందిరా" అంది ఎస్సై. తన దిండు తీసుకెళ్లి గోడ పక్క మంచం మీద వేసుకుంది. వాడు అటు తిరిగి కూర్చున్నాడు.

కాసేపటికి రెండు ఐసుముక్కలు తెచ్చింది. ఒకటి పాత న్యూస్‌పేపరులో చుట్టి, ఇంకోటి పళ్లెంలో వేసి, రెండూ వాడి ముందు పెట్టింది.

"కాగితం సంగతి నువ్వే చూసి చెప్పు. నేను బయట కూర్చుంటా."

"గుండీ ఉందా?"

"లేదు."

గుమ్మం బయట నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపయ్యాక లోపల్నుంచి కేక వినిపించింది.

"అక్కా! పళ్లెంలోది కరిగిపోయింది, కాగితంలోది ఇంకా ఉంది!"

తనూ చూద్దామని ఎస్సై చటుక్కున లేవబోయింది. మళ్లీ కూర్చుని, "కాగితంలోది కరగలేదు" అని రాసేసింది.