చిట్టిబాబు నోట్లో గులకరాయి

"ముందు ఆ సీసా కింద పెట్టుండ్రి."

ఉదయ్ భాస్కర్ మల్కాజ్‌గిరి పెట్ క్లినిక్‌లో అడుగుపెట్టగానే డాక్టర్ సృజన అతనితో అన్న మొదటి మాట అది. వానకు ముద్దయిపోయిన అతని ఒక చేతిలో గోల్డ్‌ఫిష్ బకెట్, ఇంకో చేతిలో లవంగ నూనె సీసా.

"చేపకి మత్తివ్వడానికి ఇదేనని నెట్‌లో చదివానండీ. ఒక మూతెడు పోద్దామని..."

"నూనె మంచిదే. మూతెడు పోస్తే మళ్ల లేవడు. అసలు తక్లీఫ్ ఏంది?"

తొట్టిలోని గులకరాయొకటి ఆ గోల్డ్‌ఫిష్, చిట్టిబాబు, నోట్లో ఇరుక్కుంది. నిన్నటి నుంచి మేత లేదు. వాడు తినేదాకా తానూ ముద్ద ముట్టనని ఇంట్లో ఉదయ్ వాళ్ల రాజ్యం మామ్మ భీష్మించుకు కూర్చుంది. అసలే షుగరు మనిషి. ఉదయ్ భయమంతా అదే.

"మెలకువలోనే లాగేయకూడదా?"

"మత్తు లేకుండ మీ పన్ను పీకితే ఊకుంటరా?"

ఉదయ్ సీసా ఆమె చేతికిచ్చాడు. కోపంలో కూడా ఆ కళ్లు బాగున్నాయనుకున్నాడు.

సృజన నూనె చుక్కలు కొలిచి, కాసిని నీళ్లలో బాగా గిలకొట్టి, బకెట్ నీళ్లు నింపిన గిన్నెలో కొద్దికొద్దిగా కలిపింది. అందులో వదిలిన చిట్టిబాబు కాసేపటికి పక్కకు ఒరిగిపోయాడు.

"అయ్యో, పోయాడు. మామ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"పరేషాన్ గాకుండ్రి. మొప్పలు ఆడుతున్నయ్ గద. అవి చూసుడే మీ డ్యూటీ."

చేతులు తడుపుకుని చేపను పట్టుకుంది. పట్టకారుతో రాయి లాగేసి, మత్తు కలపని బకెట్ నీళ్లలోకి వదిలింది. ఇద్దరూ మొప్పలు చూస్తూ వంగారు. తలలు తగిలాయి. ఎవరూ వెనక్కి జరగలేదు.

తోక ఆడింది. ఉదయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

"రేపు పొద్దుగాల దాక మేత వెయ్యొద్దు," అంది సృజన.

"అప్పటిదాకా మామ్మ ఉపవాసమా?"

ఉదయ్ మామ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. సృజన అందుకుంది. "మామ్మా, డాక్టర్ని. చిట్టిబాబు మంచిగున్నడు. మీరు తినుండ్రి."

"నువ్వు తిన్నావా తల్లీ?"

"ఇంక లేదు. పొద్దుగాలటి నుంచి పేషెంట్లే."

"అయితే మా ఉదయ్‌తో కలిసి వచ్చెయ్యి. నీతోపాటే తింటాను. నువ్వు రాకపోతే నేనూ తినను."

సృజన ఇరుకున పడింది. ఉదయ్ గొంతు సవరించుకున్నాడు. "డాక్టర్ గారూ, రేపటి నుంచి మీరు తినేదాకా నేనూ తినకూడదనుకుంటున్నాను."

"నా లంచ్ నాలుగు గంటలకు."

"ఆకలికి ఓర్చుకోవడం మా వంశంలోనే ఉందండీ."

"ముందైతే మామ్మను తిననియ్యుండ్రి," అంది సృజన, నవ్వు దాచుకోలేక. గొడుగు విప్పి, రెండో చేత్తో బకెట్ పిడి ఒక పక్క పట్టుకుంది.