పాటల గదిలో ముప్పై ఒకటో గొంతు

మా బడిలో పాటల గదికి చెడ్డపేరు ఉంది.

ప్రార్థన మందిరం వెనక ఇరుకు నడవా, ఆ నడవా చివర ఒకే ఒక్క గది. అందులో ఒక పాత హార్మోనియం, రెండు పొడుగు బెంచీలు, గోడకి మరియమ్మ పటం. పగలు పిల్లలు అక్కడ గొంతులు చించుకుని పాటలు నేర్చుకుంటారు. పొద్దు వాలిందా — ఇక అటు ఎవరూ తొంగిచూడరు. ఆయమ్మ చీపురు కూడా నడవా మొదట్లోనే ఆగిపోతుంది. "చివరిదాకా ఊడ్చానమ్మా" అంటుంది. మరి ఆ చివర దుమ్మంతా ఎక్కడిదే అని ఎవరూ అడగరు. అడిగితే వెళ్ళి చూడాల్సి వస్తుందని.

కారణం పాటల సిస్టరు. నేను ఈ బడి ఆఫీసులో గుమాస్తాగా చేరకముందు మాట. ఆవిడ ఒక సాయంత్రం హార్మోనియం ముందు కూర్చుని, పాట సగంలో ఉండగా అలాగే తల వాల్చేసిందట. మిగిలిన సగం... అప్పుడప్పుడూ చీకటి పడ్డాక వినిపిస్తుందట. వాచ్‌మన్ విన్నానంటాడు. వంటావిడ విన్నానంటుంది. వంటావిడ ఇంకా చాలా విన్నానంటుంది, అది వేరే సంగతి.

నేను వినలేదు. విన్నది మా మూడో తరగతి టీచరు. మర్నాడు నా టేబులు ముందు కూర్చుని చెప్పింది.

ప్రతి టర్మ్ చివరా మా బడి తరఫున ఒక కబుర్ల కాగితం వేస్తాం. నాలుగు పేజీలు. ఆదివారం పూజ అయ్యాక చర్చి గుమ్మం దగ్గర పంచుతాం. మొదటి సత్ప్రసాదం తీసుకున్న పిల్లలెవరు, పరుగు పందెంలో గెలిచిందెవరు, ముసలివాళ్ళ ఆశ్రమానికి ఎన్ని దుప్పట్లు పోగయ్యాయి, పోయిన వస్తువుల పెట్టెలో ఇంకా ఏం మిగిలాయి... ఈసారి పదకొండు మేజోళ్ళు మిగిలాయి, పదకొండూ ఒంటి మేజోళ్ళే. రాసేది ఆ టీచరు. టైపు కొట్టేది నేను.

ఈసారి పెద్ద కబురు వేరు. బుధవారం టర్మ్ చివరి పూజకి బిషప్ గారొచ్చారు. మూడో తరగతి పిల్లలు ఆయన ముందు పాడారు. ఆయన మెచ్చుకున్నారు.

శుక్రవారంతో బడి మూతపడింది. ఆ సాయంత్రం టీచరు ఇంట్లో కూర్చుని కాగితం రాస్తోంది. "మూడో తరగతి పిల్లలు ముప్పై ఒక్కమంది గొంతులు కలిపి..." అని రాసింది.

కలం ఆగిపోయింది.

ముప్పై ఒక్కమంది కాదు. ముప్పైమంది.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉంది. పిట్టంత ఉంటుంది కాబట్టి అందరూ పిట్ట అనే పిలుస్తారు. గొంతు మాత్రం పిట్టది కాదు. బొంగురు గొంతు, పెద్దది. తరగతంతా పాడుతుంటే కళ్ళు మూసుకుని కూడా 'అదుగో పిట్ట' అనొచ్చు. ఒక్కోసారి శ్రుతి కూడా దాటేది. తల్లి లేదు. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. కూతురు బిషప్ గారి ముందు పాడుతుందని డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చాడు.

మంగళవారం సాయంత్రం అందరూ వెళ్ళాక టీచరు పిట్టని పాటల గదిలో ఆపింది.

"రేపు నువ్వు పెదాలు ఆడించు చాలమ్మా. గొంతు బయటికి రానివ్వకు. ఎవరికీ తెలీదు... నువ్వూ ఎవరికీ చెప్పకు."

పిల్ల ఏడవలేదు. ఎందుకని అడగలేదు.

"సరే టీచర్," అంది.

మర్నాడు పూజలో పొట్టిపిల్ల కాబట్టి ముందు వరసలోనే నిలబడింది. అందరికంటే పెద్దగా నోరు తెరిచింది. ఊపిరి చప్పుడు కూడా రానివ్వలేదు. వెనక బెంచీలో తండ్రి ముందుకి వంగి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. టీచరు చూసింది. చూసి, ముఖం తిప్పుకుంది.

"ఆ 'సరే టీచర్' నన్ను నాలుగు రోజులుగా తినేస్తోందక్కా," అంది నాతో. "అన్నం ముందు కూర్చున్నా అదే. పడుకున్నా అదే."

కలం ముందుకి నడవలేదు. కనీసం పిల్లల పేర్లన్నా రాద్దామనుకుంది. పేర్ల జాబితా చూస్తే లేదు. హార్మోనియం మీద మరిచిపోయింది. కాపీలు తియ్యడానికి పొద్దున్నే నాకివ్వాలి. సరే, పక్క వీధే కదా అని బయల్దేరింది. అప్పటికి ఏడు దాటింది. పొద్దు తొందరగా గూకే రోజులు.

గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఉంది. కుర్చీ మీద తువ్వాలుంది. మనిషి లేడు.

గేటు గొళ్ళెం తీసే ఉంది.

సెలవులు కదా, మెయిన్ స్విచ్ ఆపేశారు. ఎక్కడా దీపం లేదు. తరగతి గదుల కిటికీల్లోంచి తిరగేసి పెట్టిన కుర్చీల కాళ్ళు నల్లగా కనిపిస్తున్నాయి. పిల్లలున్నప్పుడు చెవులు గింగురుమనే ఆవరణ... ఇప్పుడు తన చెప్పుల చప్పుడుకి తనే ఉలిక్కిపడుతోంది.

నడవా మొదటికొచ్చింది. ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది.

నడవా చివర, పాటల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల సన్నటి తెల్లటి వెలుతురు.

ఆగింది.

అప్పుడు — పాట.

"చిన్న దీపమును తల్లీ... నీ చెంత వెలుగనిమ్ము..."

ఒక్క గొంతు. బొంగురుగా, మెల్లగా. బుధవారం పూజలో పాడిన పాటే.

పాట తెగిపోయింది.

తప్... ఒక అడుగు చప్పుడు.

"పన్నెండు." మగ గొంతు. గుసగుస.

పాటల సిస్టరు గురించి విన్నది ఒకటే గొంతు. ఈ రెండో గొంతు ఎవరిది? ఏం లెక్కపెడుతోంది?

మళ్ళీ పాట. మళ్ళీ ఆగడం. తప్...

"పదమూడు."

అడుగులు తన వైపే వస్తున్నాయి.

పరుగెత్తాలనుకుంది. గోడకి అతుక్కుపోయి నిలబడింది. పిల్లల్ని లెక్కపెడుతున్నారా? ముప్పై ఒకటి దగ్గరికొచ్చి ఆగుతారా? ఆ ఒక్క గొంతూ ఏమైందని నన్ను అడగడానికొస్తున్నారా... ప్రార్థన మొదలుపెట్టింది. తప్పులు క్షమించమనే మాట దగ్గరికొచ్చేసరికి నాలుక మడత పడింది. అక్కణ్ణించి ముందుకి పోలేదు.

"పధ్నాలుగు."

గదిలో వెలుతురుకి అడ్డంగా ఒక ఆకారం. పొడుగ్గా, నల్లగా. మెల్లగా దగ్గరికొస్తోంది. నేల మీద పడుతున్న వెలుతురులో పాదాలు కనిపించాయి.

మడమలు ముందుకి. వేళ్ళు వెనక్కి.

దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పేది. అన్నం తినకపోతే చెప్పేది, చదవకపోతే చెప్పేది. అబద్ధమనుకుంది ఇన్నాళ్ళూ. తల పైకెత్తి చూసింది. ముఖం ఉండాల్సిన చోట... జుట్టు.

"పదిహే—"

ఆ వీపు వచ్చి టీచరుకి తగిలింది.

టీచరు కెవ్వుమంది. దెయ్యం అంతకంటే గట్టిగా కెవ్వుమంది.

గదిలోంచి వెలుతురు పరుగెత్తుకొచ్చింది. చేతిలో తండ్రి ఫోను పట్టుకుని, పిట్ట.

"టీచర్!"

"మీరా టీచరమ్మా!" బస్సు డ్రైవరు గోడకి చేరగిలబడి గుండె పట్టుకున్నాడు. "ప్రాణాలు తోడేశారు కదా తల్లీ!"

వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు ఆయన. అంతే.

"ఈ చీకట్లో... ఇక్కడేం చేస్తున్నారు?" అంది టీచరు.

"వాచ్‌మన్‌ని బతిమాలితే లోపలికి వదిలి, టీ తాగొస్తానని పోయాడు. మా ఇల్లు రోడ్డు మీద కదా, మోత. ఇక్కడైతే చీమ చిటుక్కుమన్నా తెలుస్తుంది." కాస్త సిగ్గుపడ్డాడు. "చెవులు చూసుకుంటున్నా టీచరమ్మా. అది పాడుతుంది, నేనొక్కో అడుగూ వెనక్కి. మొదట అటు తిరిగి నడిచా, గొంతు వీపు వెనకనుంచి వస్తుంటే సరిగ్గా తేల్చుకోలేకపోయా. అందుకని దాని వైపే తిరిగి, పెదాలు చూసి మోసపోకుండా కళ్ళు మూసుకుని, వెనక్కి నడుస్తున్నా."

"చెవులకేమైంది?"

"పోయాయనుకున్నా." ఆయన నవ్వాడు గానీ అది నవ్వు కాదు. "మొన్న పూజలో అందరి పిల్లల గొంతులూ వినపడ్డాయి. దీనిది మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. నోరు చూస్తే ఇంత తెరిచి పాడుతోంది! ఇరవై ఏళ్ళుగా ఇంజను పక్కన కూర్చున్నా కదా, చెవులు దెబ్బతిన్నాయనుకున్నా. కన్నకూతురి గొంతే వినపడనివాడికి రోడ్డు మీద వెనకాల హారను ఏం వినపడుతుంది? బస్సులో యాభైమంది ఉంటారు. ఇవాళ పొద్దున్నే డిపోలో కాగితం రాసిచ్చేశా, నన్ను స్టీరింగ్ మీద పెట్టొద్దని."



"సాయంత్రం ఈ సంగతి చెప్తే ఇదేమో, 'ఒకసారి పాటల గదిలో పరీక్ష చేద్దాం నాన్నా' అని ఒకటే గొడవ. తీరా చూస్తే పధ్నాలుగు అడుగులకీ గంటలా వినపడుతోంది. ఏంటో మరి, ఆ రోజు ఒక్కరోజే ఏమైందో!"

పిట్ట టీచరు కొంగు పట్టుకుని, కాలివేళ్ళ మీద లేచి, చెవి దగ్గర గుసగుసగా అంది—

"నేను చెప్పలేదు టీచర్."

తండ్రి చెవుల్లో లోపం లేదని చూపించాలి, టీచరుకిచ్చిన మాటా తప్పకూడదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ రెంటికీ కలిపి ఒక దారి వెతుక్కుంది. ఇక్కడికొచ్చేసరికి టీచరు చెప్పడం ఆపి, నా టేబులు మీది గ్లాసుడు నీళ్ళూ తాగేసింది.

ఆ నడవాలోనే చెప్పేసిందట. "మీ చెవులు బాగానే ఉన్నాయి. ఆ రోజు పిట్ట పాడలేదు. పాడొద్దని... నేనే అన్నాను."

ఆయనకి మొదట అర్థం కాలేదు. తర్వాత "అయితే నా చెవులు..." అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు, సంబరంగా. తిట్టినా ఓర్చుకునేదాన్నక్కా, అంది టీచరు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కూతురి వైపు చూశాడు. టీచరు వైపు చూశాడు.

"వాళ్ళమ్మ గొంతు అచ్చం ఇదే టీచరమ్మా," అన్నాడు. "అందుకే వచ్చా ఆ రోజు."

టీచరు ఆయన ముందు చేతులు జోడించబోయింది.

"నాకు కాదు. చెప్పేదేదో దానికి చెప్పండి," అన్నాడాయన.

టీచరు ఆ దుమ్ములోనే పిట్ట ముందు కూర్చుంది. "తప్పు నాదమ్మా. నీది కాదు."

"నా గొంతు బాలేదా టీచర్?"

"బాగుంది. నాకే ధైర్యం చాల్లేదు."

పిల్ల టీచరు కొంగుకి అంటిన దుమ్ము దులిపింది. "సరే టీచర్," అంది. నమ్మి అందో, ఇంటికెళ్ళాలని అందో, టీచరుకి ఇప్పటికీ తెలీదు.

పొద్దున్న టీచరు నాకిచ్చిన కాగితంలో ఇలా ఉంది: "ముప్పైమంది పాడారు. ముప్పై ఒకటో పిల్లని పాడొద్దన్నది నేను. ఆ పిల్లనీ, వాళ్ళ నాన్ననీ క్షమించమని అడుగుతున్నాను." పిట్టని అడిగాకే రాసిందట. హెడ్మిస్ట్రెస్ సిస్టరు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "ఇది ఉండాలా అమ్మా?"

"ఉండాలి సిస్టర్."

టైపు కొట్టాను. ఒక్క అక్షరం కూడా తప్పు పడకుండా.

"డిపోకి వెళ్ళాలక్కా, తోడొస్తావా?" అంది టీచరు. వెళ్ళాం. షెడ్డులో డ్రైవరు అప్పటికే ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బకెట్టు పక్కన పెట్టుకుని బస్సు కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి తడిచేతులతోనే దణ్ణం పెట్టాడు. "నమస్తే అక్కా," అన్నాడు నాతో కూడా.

డిపో మేనేజరు అంతా విని ముక్కున వేలేసుకున్నాడు. కాగితం పైకి వెళ్ళిపోయిందన్నాడు. చెవి డాక్టరు చూడాలి, రాసివ్వాలి, అప్పటిదాకా కడుగుడు పనే. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ సెలవుల్లోనే గడిచాయి. డాక్టరు చెవులు భేషుగ్గా ఉన్నాయని రాశాడు, మనిషి మళ్ళీ స్టీరింగ్ ఎక్కాడు, కొత్త టర్మ్‌లో పిట్ట ముందు వరసలో నిలబడి గొంతెత్తి పాడింది. కథ అంతవరకూ సుఖంగానే ముగిసింది.

కానీ ఆ శనివారం, డిపో గదిలో, మేనేజరు కలం పక్కన పెట్టి అడిగాడు. "చదువుకున్నవాళ్ళు కదమ్మా... పసిపిల్లని నోరు మాత్రం ఆడించమని చెప్పాలన్న ఆలోచన అసలెవరికొచ్చింది?"

"నాకేనండీ," అంది టీచరు.

నేను ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం, ఆఫీసులో టీ తాగుతూ, 'ఆ బొంగురు గొంతు బిషప్ గారి ముందు మన పరువు తీస్తుందమ్మా, పెదాలు ఆడించమని చెప్పరాదూ' అన్నది నేను. నవ్వుతూ అన్నాను. ఆవిడ వద్దక్కా అంది. నేనే రెండోసారి అన్నాను.

డిపో గదిలో ఆవిడ నా వైపు కనీసం కన్నెత్తి చూడలేదు. కిటికీ అవతల బకెట్టు చప్పుడు. మేనేజరు తలూపి, ఏదో రాసుకున్నాడు.

ఆవిడ నా పేరు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటిదాకా... నేనూ చెప్పలేదు.